రెండు గంటలు మాట్లాడిన మనిషి: ఎడ్వర్డ్ ఎవరెట్ జీవితం



స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం వారు అడిగారు. బడి జ్ఞాపకాలు రాసేవారు చాలామంది ఉంటారు, నాకన్నా బాగా రాస్తారు కూడా. అందుకని నేను చదువుల కోసం పాటుపడిన ఒక మనిషి జీవితం రాస్తానన్నాను. ఆయన పేరు ఎడ్వర్డ్ ఎవరెట్. ఎవరెస్టు కాదు, ఎవరెట్.

మన వక్తృత్వ పోటీల్లో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగాన్ని బట్టీపట్టి వచ్చి అప్పజెప్పేవారు గుర్తుందా? చిన్నది కాబట్టి పోటీకి అనువుగా ఉండేది. ఆ రోజు ఆ వేదిక మీద అసలు ముఖ్య వక్త లింకన్ కాదన్న సంగతి అప్పట్లో మనకు తెలియదు. ముఖ్య వక్త ఎవరెట్. ఆయన రెండు గంటలు మాట్లాడారు, తర్వాత లింకన్ రెండు నిమిషాలు మాట్లాడారు. లోకం రెండు నిమిషాల ప్రసంగాన్నే గుర్తుపెట్టుకుంది. ఇది చెప్పి నవ్వుకోవడం అమెరికాలో అలవాటు. కానీ ఆ రెండు గంటల వెనక డెబ్బై ఏళ్ల జీవితం ఉంది. అందులో మనం తీసుకోవలసినదీ ఉంది, జాగ్రత్తపడవలసినదీ ఉంది.

పందొమ్మిదేళ్ల పాస్టరు

ఎవరెట్ 1794 ఏప్రిల్ 11న మసాచుసెట్స్ రాష్ట్రంలో బోస్టన్ పక్కనున్న డార్చెస్టర్‌లో పుట్టారు. తండ్రి ఆలివర్ ఎవరెట్ పాస్టరు. ఎనిమిదిమంది పిల్లలు. ఎడ్వర్డ్‌కు ఎనిమిదేళ్లప్పుడే తండ్రి పోయారు. తల్లి లూసీ పిల్లల్ని తీసుకుని బోస్టన్‌కు మారి, చదువులు ఆగకుండా చూసుకున్నారు. అక్కడి బడిలో కొద్దిరోజులు ఎడ్వర్డ్‌కు పాఠం చెప్పిన యువకుడు డేనియల్ వెబ్‌స్టర్. ఆయన ఆ బడి నడిపే అన్నగారికి బదులుగా వచ్చారు. తర్వాత అమెరికాలోకెల్లా పెద్ద పార్లమెంటరీ వక్త అయ్యారు. ఆ గురుశిష్య బంధం జీవితాంతం నడిచింది.

ఎవరెట్ పదమూడో ఏట హార్వర్డ్‌లో చేరి, 1811లో పదిహేడేళ్లకే తరగతిలో మొదటివాడిగా బయటికి వచ్చారు. 1814 ఫిబ్రవరిలో బోస్టన్‌లో ఎంతో పేరున్న బ్రాటిల్ స్ట్రీట్ చర్చికి పాస్టరయ్యారు. అప్పటికి ఆయనకు ఇంకా ఇరవై నిండలేదు. క్రైస్తవాన్ని సమర్థిస్తూ అదే ఏడాది ఓ పెద్ద గ్రంథం కూడా రాశారు. ఆదివారం ఆయన మాట వినడానికి చర్చి నిండిపోయేది. కానీ ఆ వయసులో అంత బరువు మోయడం కష్టం. ఏడాది దాటగానే హార్వర్డ్ గ్రీకు సాహిత్య ఆచార్య పదవి ఇస్తామంది. ముందు యూరప్ వెళ్లి చదువుకురమ్మంది కూడా. 1815లో ఓడ ఎక్కారు.

జర్మనీలోని గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో 1817లో పీహెచ్‌డీ తీసుకున్నారు. అక్కడ ఆ పట్టా పొందిన మొదటి అమెరికన్ ఆయనే. గోథేను కలిశారు. గ్రీసు అంతా తిరిగారు. 1819లో తిరిగి వచ్చి పాఠాలు మొదలుపెడితే, ఆ తరగతిలో కూర్చుని మంత్రముగ్ధుడైన కుర్రాడు రాల్ఫ్ వాల్డో ఎమర్సన్. మంచి ఉపాధ్యాయుడు ఒక పిల్లవాడి మనసులో ఎంతకాలం ఉంటాడో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1822లో షార్లెట్ బ్రూక్స్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె తండ్రి బోస్టన్ ధనవంతుల్లో ఒకరు. ఆ తర్వాత డబ్బు ఇబ్బంది లేదు. పాఠాలు చెప్పడం మీద ఆసక్తి మాత్రం తగ్గి, మనసు రాజకీయాల వైపు మళ్లింది.

మితవాది

మన చరిత్ర పాఠాల్లో కాంగ్రెస్ మితవాదులు, అతివాదులు అని చదువుకున్నాం. ఆ లెక్కన ఎవరెట్ పక్కా మితవాది. ఆయన పట్టు ఒక్కటే: అమెరికా రాష్ట్రాల సమాఖ్య విడిపోకూడదు. ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు ఒకే ఇంట్లో ఉండాలి. అందుకోసం ఎంతకైనా సర్దుకుపోవాలి. దక్షిణాది ఇల్లు నిలిచింది బానిసల శ్రమ మీద. చిక్కంతా అక్కడే వచ్చింది.

1825 నుంచి 1835 దాకా పదేళ్లు ప్రతినిధుల సభలో ఉన్నారు. 1826 మార్చిలో, ముప్పై ఒక్కేళ్ల వయసులో, అక్కడ చేసిన ఒక పెద్ద ప్రసంగంలో బానిసత్వానికి బైబిలు అడ్డు చెప్పదన్నట్టు మాట్లాడారు. బానిసలు తిరగబడితే అణచడానికి తానూ తుపాకీ భుజాన వేసుకుంటానన్నట్టు చెప్పారు. దక్షిణాది వారిని సంతోషపెట్టాలని అన్న మాటలు. పాస్టరుగా పనిచేసిన మనిషి నోట అవి వినడం ఉత్తరాదిలో చాలామందికి మింగుడుపడలేదు. దక్షిణాదిలోనూ అందరూ మెచ్చుకోలేదు. ఆ ప్రసంగం ఆయన్ని జీవితాంతం వెంటాడింది.

అదే మనిషి 1830లో చెరొకీ మొదలైన ఆదివాసీ జాతులను వారి నేలల నుంచి తరిమేసే బిల్లు వచ్చినప్పుడు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఒప్పందాలు రాసుకుని, సంతకాలు పెట్టి, ఆ తర్వాత బలముంది కదా అని తెంచేయడం దేశానికే మచ్చ అని వాదించారు. బిల్లు నెగ్గింది. ఆయన ఓడిపోయిన పక్షాన నిలబడ్డారు. అంటే ఆయనకు అన్యాయం కనబడక కాదు. దాన్ని కదిలిస్తే సమాఖ్య చీలిపోతుందేమో అనిపించిన చోట మాత్రం గొంతు తగ్గేది.

బళ్లు, రైలు, ఒక్క ఓటు

1836 జనవరి నుంచి 1840 జనవరి వరకు మసాచుసెట్స్ గవర్నరుగా ఉన్నారు. అక్కడ గవర్నరును ఏటేటా ప్రజలే ఎన్నుకునేవారు. అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి అనుకోవచ్చు. ఆయన జీవితంలో నాకు బాగా నచ్చిన భాగం ఈ నాలుగేళ్లు.

ఆ రోజుల్లో బడి అంటే ఏ ఊరికి ఆ ఊరే. ఎక్కడో ఒక గది, ఎవరో ఒక పంతులు, ఏదో ఒక పుస్తకం. 1837లో ఎవరెట్ చొరవతో రాష్ట్ర విద్యామండలి ఏర్పడింది. దానికి కార్యదర్శిగా వచ్చినవారు హొరేస్ మాన్. నడుస్తున్న వకీలు ప్రాక్టీసు వదిలేసి వచ్చి, రాష్ట్రమంతా తిరిగి బళ్లు చూశారు. అమెరికాలో అందరికీ ఉచిత ప్రభుత్వ విద్య అన్నప్పుడు మొదట వచ్చే పేరు ఆయనదే. బోధించేవారికి ముందు బోధన నేర్పాలన్న ఆలోచన కూడా ఇక్కడే రూపం కట్టింది. 1839 జులై 3న లెక్సింగ్టన్‌లో రాష్ట్రం తరఫున తొలి నార్మల్ స్కూలు, అంటే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల, తెరిచారు. మొదటి రోజు వచ్చిన విద్యార్థినులు ముగ్గురే. వాన కూడా పడుతోంది. అయినా తలుపులు మూయలేదు. రెండు నెలల తర్వాత బారే అనే ఊళ్లో మరొకటి మొదలైతే, గవర్నరు ఎవరెట్ స్వయంగా వెళ్లి ప్రారంభోపన్యాసం చేశారు. ఆ రెండు బళ్లూ ఊళ్లు మారి, పెరిగి, ఇవాళ విశ్వవిద్యాలయాలుగా నడుస్తున్నాయి. మన టీచర్లలో ట్రైనింగ్ కాలేజీ మెట్లెక్కని వారు ఉండరు. ఆ మెట్లకు అమెరికాలో పునాది తీసినవారిలో ఈయనొకరు.

ఇంజనీరుగా నాకు ఎవరెట్ పేరు పరిచయమైంది మాత్రం బళ్ల వల్ల కాదు, వంతెనల వల్ల. ఉద్యోగరీత్యా కొన్ని నెలలు మసాచుసెట్స్‌లో ఉన్నప్పుడు, చెస్టర్ ఊరి దగ్గర కొండల్లో పాత రైల్వే రాతి కమాను వంతెనలు చూడటానికి వెళ్లాను. సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి. వూస్టర్ నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ వైపు వెళ్లే వెస్టర్న్ రైల్‌రోడ్ కోసం జార్జ్ వాషింగ్టన్ విస్లర్ అనే ఇంజనీరు నిర్మించారు. తర్వాత రష్యా వారు ఆయన్ని పిలిపించుకుని సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి మాస్కోకు రైలు మార్గం పని అప్పగించారు. అంత ఎత్తు కొండల మీదుగా రైలు ఎక్కించడం అప్పట్లో సాహసం. ప్రైవేటు పెట్టుబడి చాల్లేదు. రాష్ట్రమే 10 లక్షల డాలర్ల వాటాలు కొన్నది, ఆ తర్వాత అప్పుకు పూచీ కూడా పడింది. ఆ నిర్ణయాలకు గట్టిగా అండగా నిలిచిన గవర్నరు ఎవరా అని వెతికితే ఎవరెట్ కనిపించారు. 1841లో ఆ మార్గం పూర్తయ్యేసరికి ఆయన పదవిలో లేరు.

ఎందుకు లేరో చెప్పాలి. 1838లో అక్కడొక మద్యం చట్టం వచ్చింది. 15 గ్యాలన్లకు తక్కువ సారాయి అమ్మకూడదు. అంటే సుమారు 57 లీటర్లు ఒకేసారి కొనగల కలిగినవాడు తాగొచ్చు, గ్లాసుడు కొనుక్కునే కూలివాడు తాగకూడదు. ఆ చట్టం మీద సంతకం గవర్నరు ఎవరెట్‌ది. మద్యం చట్టాలు ఎన్నికల్ని ఎలా తిప్పేస్తాయో మన తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? 1839 ఎన్నికల్లో ఆయన మీద మార్కస్ మోర్టన్ నిలబడ్డారు. అప్పటికే ఎన్నోసార్లు పోటీచేసి ఓడిన మనిషి. పోలైన ఓట్లు 1,02,066. గెలవాలంటే సగానికి మించి, అంటే 51,034 రావాలి. మోర్టన్‌కు సరిగ్గా 51,034 వచ్చాయి. ఒక్క ఓటు తగ్గితే నిర్ణయం శాసనసభ చేతికి పోయేది. లెక్కల్లో తగాదా పెట్టడానికి ఎన్నో సందులున్నాయి. ఎవరెట్ తగాదా పెట్టలేదు. ఫలితాన్ని ఒప్పుకుని, పదవి అప్పగించి, ఇంటికి వెళ్లిపోయారు. మితవాదంలో ఉన్న మంచి గుణం ఇదేననిపిస్తుంది: ఆట నియమాలు తన గెలుపు కన్నా పెద్దవని ఒప్పుకోవడం.

లండన్, హార్వర్డ్

1841లో పాత గురువు వెబ్‌స్టర్ విదేశాంగమంత్రి అయ్యారు. ఎవరెట్‌ను బ్రిటన్‌కు రాయబారిగా పంపారు. సెనేట్‌లో ఆ నియామకానికి దక్షిణాది సభ్యులు అడ్డుపడ్డారు. కారణం వింటే ఆశ్చర్యం. గవర్నరుగా ఉన్నప్పుడు బానిసత్వ వ్యతిరేకులు వేసిన ప్రశ్నలకు ఆయన వారికి అనుకూలంగా జవాబిచ్చారట! 1826లో ఎవరిని మెప్పించబోయారో, పదిహేనేళ్ల తర్వాత వాళ్లే నమ్మలేదు. చివరికి నియామకం ఖాయమై, 1845 దాకా లండన్‌లో గౌరవంగా పనిచేశారు.

1846 నుంచి 1849 వరకు హార్వర్డ్ అధ్యక్షుడిగా ఉన్నారు. క్రమశిక్షణ తగాదాలు, కుర్రవాళ్ల అల్లర్లు ఆయనకు పడలేదు. హెడ్మాస్టరు కుర్చీలో కూర్చున్నవారికే ఆ బాధ తెలుస్తుంది. అయినా రెండు సంగతులు చెప్పుకోవాలి. ఒకటి, 1847లో అబట్ లారెన్స్ ఇచ్చిన 50,000 డాలర్లతో అక్కడ సైన్సు, ఇంజనీరింగ్ చదువులకు లారెన్స్ సైంటిఫిక్ స్కూలు మొదలైంది. రెండోది, బెవర్లీ విలియమ్స్ అనే నల్లజాతి విద్యార్థి హార్వర్డ్‌లో చేరబోతున్నాడని తెలిసి గొడవ రేగింది. ప్రవేశ పరీక్ష నెగ్గితే చేర్చుకుంటామని ఎవరెట్ తేల్చి చెప్పారు. తెల్ల విద్యార్థులందరూ వెళ్లిపోతామంటే వెళ్లమనండి, కళాశాల ఆదాయమంతా ఆ ఒక్కడి చదువుకే ఖర్చుపెడతామన్నారు. దురదృష్టవశాత్తు ఆ కుర్రాడు చేరకముందే క్షయతో చనిపోయాడు. దేశం మొత్తానికి చెప్పలేని మాట, తన బడి గుమ్మం దగ్గర మాత్రం గట్టిగా చెప్పగలిగారు.

గ్రంథాలయం కట్టారు, సెనేట్ వదిలారు

బోస్టన్ నగరానికి ప్రజా గ్రంథాలయం కావాలని పట్టుబట్టినవారిలో ఎవరెట్ ముఖ్యులు. తన దగ్గరున్న ప్రభుత్వ ప్రచురణలు సుమారు వెయ్యి సంపుటాలు విరాళంగా ఇచ్చారు. 1852లో ధర్మకర్తల మండలికి తొలి అధ్యక్షుడయ్యారు. మిత్రుడు జార్జ్ టిక్నర్‌ది మరో మెట్టు ముందున్న ఆలోచన: పుస్తకాలు మామూలు జనం ఇంటికి తీసుకెళ్లేలా ఉండాలి. ఆ గ్రంథాలయం 1854లో ఒక బడి భవనంలోని గదుల్లో తెరుచుకుంది. ఇవాళ అమెరికాలోని పెద్ద గ్రంథాలయాల్లో అదొకటి.

ఇదే కాలంలో రాజకీయంగా ఆయనకు చేదు రోజులు వచ్చాయి. 1852లో వెబ్‌స్టర్ మరణించాక నాలుగు నెలలు విదేశాంగమంత్రిగా ఉండి, 1853 మార్చిలో సెనేటర్ అయ్యారు. మరుసటి ఏడాది కాన్సాస్-నెబ్రాస్కా బిల్లు వచ్చింది. 1820 నాటి ఒప్పందం ప్రకారం బానిసత్వం అడుగుపెట్టకూడదన్న నేలల్లోకి దాన్ని అనుమతించే బిల్లు అది. ఎవరెట్ దానికి వ్యతిరేకంగా మాట్లాడారు. కానీ రాత్రంతా సాగిన చర్చ ముగిసి తెల్లవారుజామున ఓటింగ్ జరిగే వేళకు, ఆరోగ్యం బాగోలేక ఇంటికి వెళ్లిపోయారు. ఆ ఒక్క ఓటు పడినా బిల్లు ఆగేది కాదు. అయినా సొంత రాష్ట్ర జనం క్షమించలేదు. తర్వాత మూడు వేలమందికి పైగా పాస్టర్లు సంతకాలు చేసిన నిరసన పత్రాన్ని సభలో పెట్టింది ఆయనే. అప్పుడు అటువైపు వాళ్లు విరుచుకుపడ్డారు. ఇటూ అటూ మాటలు పడి, జబ్బుపడి, 1854 జూన్‌లో రాజీనామా చేశారు.

అయినా ఆయన ఆశ చావలేదు. జార్జ్ వాషింగ్టన్ అంటే ఉత్తరాదికీ దక్షిణాదికీ సమానంగా గౌరవం కదా, ఆయన పేరు మీదైనా కలుస్తారేమోనని, వాషింగ్టన్ వ్యక్తిత్వం మీద ఒక ఉపన్యాసం తయారుచేసి 1856 నుంచి దేశమంతా తిరిగారు. నూటికి పైగా సభల్లో చెప్పారు. వచ్చిన సుమారు 69,000 డాలర్లు శిథిలమవుతున్న వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్‌ను కొనడానికి మహిళా సంఘానికి ఇచ్చేశారు. ఇంటి ధర 2 లక్షల డాలర్లు. అంటే మూడో వంతు ఒక్క మనిషి గొంతు సంపాదించింది. ఇల్లు నిలబడింది. దేశం మాత్రం చీలింది. 1860లో రాజ్యాంగం, సమాఖ్య తప్ప మరే విషయమూ మాట్లాడని మధ్యేమార్గ పార్టీ తరఫున జాన్ బెల్ అధ్యక్ష పదవికి, ఎవరెట్ ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డారు. మూడు రాష్ట్రాలు గెలిచారు. లింకన్ అధ్యక్షుడయ్యారు. 1861 ఏప్రిల్‌లో యుద్ధం వచ్చింది.

గెటిస్‌బర్గ్

అరవై ఏడేళ్ల ఎవరెట్ అప్పుడు మారారు. జీవితమంతా ఏది కాపాడాలని సర్దుకుపోయారో, ఆ సమాఖ్యనే దక్షిణాది తెంచుకుపోయాక ఇక సర్దుకుపోవడానికి ఏమీ మిగల్లేదు. తనను ఓడించిన లింకన్ ప్రభుత్వానికి మద్దతుగా ఊరూరా తిరిగారు. బానిస విముక్తిని సమర్థించారు.

1863 జులై మొదటి మూడు రోజుల్లో గెటిస్‌బర్గ్‌లో జరిగిన పోరులో రెండువైపులా కలిపి చనిపోయినవారు, గాయపడ్డవారు, కనిపించకుండా పోయినవారు సుమారు 50,000 మంది. అక్కడి సైనిక శ్మశానవాటిక అంకితోత్సవానికి ముఖ్య వక్తగా ఎవరెట్‌ను పిలిచారు. తయారవడానికి సమయం కావాలన్నారు. అక్టోబరులో అనుకున్న సభను ఆయన కోసమే నవంబరు 19కి జరిపారు. ముందుగానే వెళ్లి యుద్ధభూమి అంతా నడిచి చూశారు. ఆరోగ్యం బాగోలేదు. వేదిక పక్కనే ఆయన కోసం గుడారం వేశారు. అలాంటి స్థితిలో 13,000కు పైగా మాటలున్న ప్రసంగాన్ని కాగితం చూడకుండా చెప్పారు. ప్రాచీన ఏథెన్సులో యుద్ధమృతులకు ఎలా అంత్యక్రియలు జరిపేవారో చెప్పడంతో మొదలుపెట్టారు. మూడు రోజుల పోరును గంట గంటకూ వివరించారు. అంతర్యుద్ధాలు జరిగిన ఎన్నో దేశాలు మళ్లీ ఒకటయ్యాయని, ఈ పగ శాశ్వతం కాదని చెప్పి ముగించారు. కొడుకులు ఎలా చనిపోయారో తెలియని తల్లిదండ్రులు ఆ జనంలో ఉన్నారు. వాళ్లకు ఆ వివరం కావాలి. ఆ ప్రసంగం వృథా కాదు.

తర్వాత లింకన్ లేచి 270 మాటల్లో ముగించారు. ఆ చిన్న ప్రసంగం విలువ చాలా పత్రికలకు ఆ రోజు అందలేదు. ఎవరెట్‌కు అందింది. మర్నాడే లింకన్‌కు ఉత్తరం రాశారు. తాను రెండు గంటల్లో చేరలేని అసలు విషయాన్ని అధ్యక్షుడు రెండు నిమిషాల్లో చేరుకున్నారని అందులో ఒప్పుకున్నారు. లింకన్ కూడా అదే రోజు మర్యాదగా జవాబు రాశారు: నిన్న ఎవరి పాత్ర వాళ్లకు తగినదేనని, మీరు తక్కువ మాట్లాడినా నేను ఎక్కువ మాట్లాడినా బాగుండేది కాదని దాని సారాంశం. దేశంలోకెల్లా పెద్ద వక్తగా పేరుపడ్డవాడు, 69 ఏళ్ల వయసులో, తన రంగంలోనే మరొకరు తనకన్నా మెరుగని ఇరవై నాలుగు గంటల్లో కాగితం మీద పెట్టడం! మన ఆఫీసుల్లో, మన సంఘాల్లో ఎంతమందిమి చేయగలం?

అంతటితో ఆగలేదు. గాయపడ్డ సైనికుల సహాయనిధి కోసం, తన ప్రసంగంతో పాటు కలిపి అమ్మడానికి, లింకన్ ప్రసంగాన్ని సొంత దస్తూరీతో రాసివ్వమని అడిగి తెప్పించారు. లింకన్ చేతిరాతలో ఆ ప్రసంగం ప్రతులు ఐదే మిగిలాయి. వాటిలో ఒకటి ఎవరెట్ ప్రతి. 1944లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని బడిపిల్లలు పైసా పైసా పోగుచేసిన 50,000 డాలర్లకు మరో దాత 10,000 కలిపితే, దాన్ని కొని రాష్ట్రానికి అప్పగించారు. ఇవాళ అది స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లింకన్ అధ్యక్ష గ్రంథాలయంలో ఉంది.

చివరి వారం

1864 ఎన్నికల్లో మసాచుసెట్స్ నుంచి లింకన్ పక్షాన ఎలక్టరుగా ఎవరెట్ ఓటు వేశారు. ఆ డిసెంబరులో దక్షిణాది నగరం సవానా ఉత్తరాది సైన్యం చేతికి వచ్చింది. అక్కడి పేదలు తిండికి అలమటిస్తున్నారు. నిన్నటి శత్రువులు. వాళ్లకు తిండి పంపాలని 1865 జనవరి 9న బోస్టన్ ఫానియల్ హాలులో సభ పెడితే ఎవరెట్ వచ్చి మాట్లాడారు. అప్పుడు పట్టుకున్న జలుబు ముదిరింది. జనవరి 15న కన్నుమూశారు. ప్రభుత్వ గౌరవాలు జరపమని లింకన్ ఆదేశించారు. మరో మూడు నెలలకు లింకన్ కూడా లేరు.

ఈ జీవితాన్ని నేను నా వృత్తి భాషలో చూసుకుంటాను. ఇంజనీరింగ్‌లో టాలరెన్స్ అని ఒకటుంది. కొలతలో ఇంత తేడా ఫరవాలేదని డ్రాయింగులోనే రాస్తాం. అది లేకపోతే ఏ రెండు భాగాలూ కలవవు. కానీ వంతెన మోయగల బరువు దగ్గర అలాంటి సడలింపు ఉండదు. ఎవరెట్ సర్దుబాటు గుణం బళ్ల దగ్గర, గ్రంథాలయం దగ్గర, ఒక్క ఓటుతో ఓడిన రోజున ఎంతో మంచి చేసింది. మనిషిని సంతలో అమ్మవచ్చా అన్న ప్రశ్న దగ్గర మాత్రం అదే గుణం ఆయన్ని ముప్పై అయిదేళ్లు తప్పు దారిలో నడిపించింది. ఆ ఆలస్యం ఖరీదు ఆయన చెల్లించలేదు. బానిసలు చెల్లించారు.

ఆయన మంత్రిపదవి, సెనేట్ సభ్యత్వం నేడు ఎవరికీ గుర్తులేవు. శిక్షణ పాఠశాలలు, గ్రంథాలయం, ఒక చేతిరాత ప్రతి మిగిలాయి. మూడూ చదువుకు సంబంధించినవే. సంఘం దగ్గర ఈ ఉత్సవాల ఖర్చు పోను ఏమైనా మిగిలితే, మన బడి గ్రంథాలయానికి ఇవ్వాలని నా మనవి. మొదటి విరాళంగా నా వంతు ఇప్పటికే కోశాధికారి గారికి పంపాను.